అన్నం వరుసలో గ్రీకు మాటలు

మా నాన్న తెలుగు పండితుడు. ఆయన లెక్కలో దొంగతనం కంటే పెద్ద నేరం ఒకటుంది, అక్షరం మింగడం. చిన్నప్పుడు నేను పద్యం అప్పజెప్తూ ఒక్క ఒత్తు వదిలేస్తే చాలు, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. మళ్ళీ మొదటి నుంచి చదవమని దానర్థం. "రాసినవాడు ఊరికే రాశాడా? రాసిందంతా పలకాలి" అనేవారు. కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చి మధిర దగ్గర పొలాలు కొనుక్కున్న కుటుంబం మాది. మావాళ్ళందరికీ మిరపతోటల సంగతి తెలిసినంత బాగా నాకు ఒత్తుల సంగతి తెలుసు. ఆ పట్టుదలతోనే పెరిగాను. ఆ పట్టుదలతోనే ఒక అడవి బడిలో ఆరేళ్ళపాటు వందమందికి పైగా ఆడపిల్లలకు గ్రీకు మాటలు తప్పుగా నేర్పాను.

ఎనభైల మొదట్లో టేకులపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నాకు సైన్సు టీచరుగా ఉద్యోగం వచ్చింది. పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. ఎక్కువమంది కోయ పిల్లలు. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు, ఆ పైన ఇంగ్లీషు. ఇన్ని మోస్తున్న పిల్లల నెత్తిన నేను ఇంకో మూట పెట్టాను.

డిగ్రీ దాకా నా చదువంతా తెలుగు మీడియమే. మా పుస్తకాల్లో పాఠమంతా తెలుగులో ఉండి, ముఖ్యమైన మాటల పక్కన బ్రాకెట్టులో ఇంగ్లీషు పేరు ఉండేది. బ్రాకెట్టు దగ్గరికి రాగానే మా లెక్చరర్లకు దగ్గు వచ్చేది. దగ్గి, అవతలి వాక్యంలోకి వెళ్ళిపోయేవారు. నేను పండితుడి కూతుర్ని, నాకు దాటేయడం చేతకాలేదు. ఎవరి నోటా వినని ఆ మాటలన్నిటినీ కూడబలుక్కుని, ఒక్క అక్షరం కూడా వదలకుండా నేర్చుకున్నాను. ఆ తర్వాత అంతే శ్రద్ధగా బడికి తెచ్చుకున్నాను.

మా బడిలో భోజనాల వరండాకు పొడుగాటి గోడ ఒకటుండేది. కిటికీలకు వేయగా మిగిలిన నీలం రంగు తీసుకుని ఆ గోడ మీద ఆ మాటల్ని తెలుగు అక్షరాల్లో, జానెడు జానెడు రాయించాను. ప్న్యుమోనియా, ప్సైకాలజీ, ప్టెరిడోఫైటా, చ్రోమోసోమ్, స్టొమాచ్, క్సైలం, ఇలా ముప్ఫై దాకా ఉండేవి. మొదటిది ఊపిరితిత్తుల జబ్బు, రెండోది మనసు శాస్త్రం, మూడోది మా వాగు ఒడ్డున విరగబడి పెరిగే ఆకుజాతి. తక్కినవాటి సంగతి ఎందుకు లెండి, అన్నీ ఒకే రకం తప్పులు.

దానికి తోడు ఒక నియమం పెట్టాను. మధ్యాహ్నం పళ్ళెం పట్టుకుని వరుసలో వచ్చిన ప్రతి పిల్లా, అన్నం పెట్టించుకునే ముందు గోడ మీది మాట ఒకటి పలకాలి. తప్పు పలికితే వరుస చివరికి వెళ్ళి మళ్ళీ రావాలి. దాంతో ఎవరికీ అన్నం తక్కువయ్యేది కాదు, పప్పు మాత్రం కాస్త పల్చబడేది. ఈ పద్ధతి కనిపెట్టినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఆ వరుస చూసి, ఆ మాటలు విని "భేష్" అన్నాడు. ఆయనదీ తెలుగు మీడియమే అయి ఉంటుందని నాకు ఆ తర్వాత తోచింది.

ఈ పరీక్షకు అసలు పరీక్షాధికారిణి మా వంటామె. ఆమె బడి ముఖం చూడలేదు. ఆరేళ్ళుగా రోజూ వినీ వినీ ముప్ఫై మాటలూ ఆమెకు కంఠతా వచ్చేశాయి. గరిటె గాల్లో ఆపి వినేది.

"ఏంది పిల్లా, పనుమోనియానా? ఆ ప్న్యు ఏడబోయింది? పో, ఎనక నిలబడు" అనేది.

ఆమె అంత కచ్చితంగా ఉంటే నాకు కడుపు నిండిపోయేది.

ఆరో ఏడు వర్షాలు తగ్గాక మాకు ఖమ్మంలో వారం రోజుల శిక్షణ పెట్టారు. సైన్సు టీచర్లం నలభైమందిమి ఒక హాల్లో కూర్చున్నాం. శిక్షణ ఇచ్చేది ఒక కుర్ర లెక్చరరు. మొదటి రోజే ఆరోగ్యం గురించిన ఇంగ్లీషు పాఠం ఇచ్చి ఎవరైనా చదవండి అన్నాడు. అందరూ బల్లల వైపు చూసుకున్నారు. నేను లేచాను. లేవడమే కాదు, గొంతు సవరించుకుని మరీ లేచాను. "ప్న్యుమోనియా" అని ఖంగుమని చదివాను.

ముందుగా వెనక వరుసలో ఒకాయన నవ్వాడు. తర్వాత హాలంతా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక నేనూ నవ్వాను, అది ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండే విషయం.

ఆ కుర్రవాడు మాత్రం నవ్వలేదు. బోర్డు మీద రాసి మెల్లగా చెప్పాడు. "మేడం, ఇవి గ్రీకు నుంచి ఇంగ్లీషులకు వచ్చిన మాటలు. మొదట్ల పి ఉండి, దాని పక్కన ఎన్ గానీ ఎస్ గానీ టి గానీ వస్తే ఆ పి పలకరు. న్యుమోనియా, సైకాలజీ, టెరిడోఫైటా. సి, హెచ్ కలిసి వస్తే క అంటరు, క్రోమోజోమ్, స్టమక్. ఎక్స్ మొదట్ల వస్తే జ. జైలం."

నాకు కోపం నషాళానికి ఎక్కింది. "పలకని అక్షరం రాయడం ఎందుకండీ? రాసినవాడు ఊరికే రాశాడా?" అన్నాను. అచ్చం మా నాన్న గొంతే.

"ఊరికే రాయలేదు మేడం. గ్రీకులు ఆ పి ని శుభ్రంగా పలుకుతరట. మింగింది ఇంగ్లీషువాళ్ళే."

ఆ ఒక్క మాటతో నా పరువు సగం తిరిగి వచ్చింది. అయితే నేనూ, మా నాన్నా, మా వంటామే గ్రీకుల పక్షమన్నమాట. మిగతా సగం పరువు గురించి ఆలోచిస్తూ శిక్షణ ముగించుకుని బస్సెక్కాను. గోడ సంగతి ఎవరికీ చెప్పకుండా, వేసవి సెలవుల్లో చల్లగా తుడిపించేద్దామని దారిలో నిర్ణయించుకున్నాను.

బడికి వచ్చేసరికి నా బల్ల మీద ఉత్తరం ఉంది. అది నాకు వచ్చింది కాదు. అంతకు ముందు వేసవిలో మా బడిలో పదో తరగతి పాసైన ఒక కోయ పిల్లకు వచ్చింది. ఆమె ఊరికి టపా ఎప్పుడు చేరుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి దరఖాస్తులో మా బడి చిరునామా రాయించాను. ఖమ్మంలో నర్సు ట్రైనింగుకు ఇంటర్వ్యూకు పిలిచారు. పది రోజులే గడువు.

కిందటేడు ఇంకో బడి నుంచి అదే ఇంటర్వ్యూకు వెళ్ళిన పిల్లను, ఇంగ్లీషు పేరా చదవమంటే చదవలేకపోయిందని వెనక్కి పంపారు. మా పిల్ల చదవగలదు, గడగడా చదువుతుంది. అదే నా భయం. పేరాలో ఎక్కడో జబ్బుల పేర్లు వస్తాయి, ఈ పిల్ల ఒక్క అక్షరం మింగకుండా ఖంగుమని చదువుతుంది, బల్ల అవతల కూర్చున్నవాళ్ళు నవ్వుతారు. నన్ను చూసి నవ్వితే నేను బస్సెక్కి ఉద్యోగంలోకి వచ్చి పడ్డాను. ఆ పిల్లకు సీటు పోతే బీడీల తునికాకు కోతకు వెళ్ళాల్సిందే. తప్పు నాది, పోయేది ఆమె సీటు.

టేకులపల్లి సంతకు వచ్చినవాళ్ళతో కబురు పెట్టాను. రెండో రోజు పొద్దున్నే, ఒక గుడ్డ మూటలో రెండు లంగా ఓణీలు, ఇంకో మూటలో నాకోసం ఎండిన ఇప్పపువ్వు పట్టుకుని వచ్చేసింది. ఇంటర్వ్యూ దాకా హాస్టల్లోనే ఉండమన్నాను. నా గది తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, విషయం చెప్పాను.

ఆమె ఇప్పపువ్వు మూట నా బల్ల మీద పెట్టింది. "అంటే మీరు చెప్పింది తప్పా మేడం?"

"తప్పంటే తప్పు కాదు. గ్రీకుల లెక్కన ఒప్పే. ఖమ్మం లెక్కన తప్పు."

"ఇంటర్వ్యూ గ్రీకులు చేస్తరా?"

"చెయ్యరు."

"అయితే తప్పే" అంది.

నేర్పడం ఎంత తేలికో, నేర్పింది మరిపించడం ఎంత కష్టమో ఆ వారంలో తెలిసింది. పి మింగాలి అనేసరికి కనిపించిన ప్రతి పి నీ మింగడం మొదలుపెట్టింది. హెలికాప్టర్ హెలికాటర్ అయింది, సెప్టెంబరు సెటెంబరు అయింది. "నడుమ ఉన్నది కాదే, మొదట ఉన్నది మాత్రమే" అన్నాను. అలాగేనని పెన్సిలును ఎన్సిలు అంది. పక్కన ఎన్, ఎస్, టి ఉంటేనే అని మళ్ళీ చెప్పాను. సి హెచ్ క అవుతుందని చెప్పిన రోజు ఇంకా ఘోరం.

"అయితే చాక్‌పీసు కాక్‌పీసా మేడం?"

"కాదు. అది గ్రీకు మాట కాదు."

"ఏది గ్రీకుదో ఏది కాదో ఎట్ల ఎరుకైతది? దాని మొఖం మీద రాసి ఉంటదా?"

వినీ వినీ తెలుసుకోవాలని చెప్పాను. ఆ మాట అంటుంటే నాకే సిగ్గేసింది. ఆమె విన్నదంతా నా నోటే.

చివరికి దారి ఆమే కనిపెట్టింది. బల్ల మీద తను తెచ్చిన ఇప్పపువ్వు ఉంది. "మా అమ్మ పువ్వును అరచేతుల నలిపి లోపలి కేసరాలు దులిపేస్తది మేడం. అయి చెట్టు మీద ఉంటయి, మనం తినం. ఈ పి గూడ గంతే. రాతల ఉంటది, నోట్ల ఉండదు." అప్పటి నుంచి పి ఉన్న మాట రాగానే రెండు చేతులూ రుద్దుకుని దులుపుకునేది. తర్వాత చక్కగా "న్యుమోనియా" అనేది. నా ప్రాణం లేచి వచ్చేది.

కానీ మధ్యాహ్నం కాగానే గంట మోగేది. వరండాలో వరుస కట్టిన పిల్లలు గోడ చూసి "ప్న్యుమోనియా, ప్సైకాలజీ" అని అరిచేవారు. ఆమె కూడా పళ్ళెం పట్టుకుని ఆ వరుసలోనే నిలబడేది. ఒకరోజు ఆమె వంతు రాగానే "న్యుమోనియా" అంది. వంటామె గరిటె ఆపింది.

"ఏందే, బయటికి పోయి ఆర్నెల్లు గాలే, ప మింగినవా? పెద్ద చదువు చదివినవని అహంకారమా? పో ఎనక్కు."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను సాంబారు గిన్నె వైపు చూశాను. ఆమె వరుస చివరికి వెళ్ళింది. మళ్ళీ వంతు వచ్చినప్పుడు "ప్న్యుమోనియా" అని చెప్పి అన్నం పెట్టించుకుంది. సాయంత్రం నా గదిలో చదివిస్తే పి మళ్ళీ పాత చోటుకే వచ్చి కూర్చుంది. నేను పొద్దునంతా దులిపింది మధ్యాహ్నం నా గోడే తిరిగి అంటిస్తోంది. ఇంటర్వ్యూ ఇంకా నాలుగు రోజులుంది.

ఆ రోజు అన్నం సయించలేదు. నాకు గర్వం ఎక్కువ. ఇప్పుడు ఒప్పుకోవడానికి ఏముంది, అప్పుడు ఒప్పుకోవడానికి ప్రాణం పోయింది. పిల్లల ముందు ఏడవచ్చు, అరవచ్చు, కానీ తప్పు నాది అనడం మాత్రం టీచర్ల ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు. అయినా ఆ పిల్ల మాటలు తిరిగి తిరిగి గుర్తొచ్చాయి. ఇంటర్వ్యూ గ్రీకులు చేస్తరా?

మర్నాడు అన్నం గంటకు ముందే సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని వరండాలో నిలబడ్డాను. పిల్లలు వరుస కట్టారు. "ఈ గోడ మీద ఉన్న మాటలు చాలావరకు తప్పు. నేనే తప్పు నేర్పాను. ఇవాళ తుడిపేస్తున్నాను. రేపటి నుంచి సరైనవి నేర్పుతాను" అన్నాను. అంత పొడుగు గోడ దగ్గర నా గొంతు నాకే వినపడలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది.

ముందుగా తేరుకుంది వంటామె. "మరి ఆరేండ్ల సంది ఇంతమంది చెప్పిన ప లన్నీ ఏం గావాలె మేడం?"

"గాలికి పోయాయి అక్కా."

"నేను ఎంతమంది పోరగాళ్ళను ఎనక్కు పంపిన! పాపం గాదా?"

ఆమెను ఓదార్చడానికి కొత్త నియమం విడమరిచాను. సి హెచ్ వస్తే క అంటారని చెప్పి, ఉదాహరణకు వాంతులూ విరేచనాల జబ్బు పేరు ఇంగ్లీషులో సి హెచ్ తోనే మొదలవుతుందని నేలమీద రాసి చూపించాను.

"గది కలరా గద? మా ఊర్ల పుట్టిన పిల్లకు గూడ ఎరుకే."

అదీ గ్రీకు మాటే. అక్షరం ముక్క రాని మా వంటామె నోట అది మొదటి నుంచీ సరిగ్గానే ఉంది. చెవితో నేర్చుకుంది కనుక. నేను ఆమెను అడిగి ఉంటే సరిపోయేది.

అప్పుడు ఐదో తరగతి పిల్ల ఒకతె చెయ్యి ఎత్తింది. "మేడం, తప్పు చెప్పినోళ్ళు లైను ఎనక్కు పోవాలె గద? మరి మీరు?"

వరుసంతా నా వైపు తిరిగింది. నేను విననట్టు నటించి, కుంచె సున్నంలో ముంచి గోడకు పూయడం మొదలుపెట్టాను. తప్పు ఒప్పుకోవడం దాకా వచ్చాను గానీ పళ్ళెం పట్టుకుని పిల్లల వెనక నిలబడేంత మనసు నాకు లేకపోయింది. అది నాకు తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు.

మిగిలిన మూడు రోజుల్లో ఆ పిల్ల నోరు కుదుటపడింది. ఇల్లందు మీదుగా ఖమ్మం బస్సులో పక్కన కూర్చుని దారి పొడుగునా అడిగాను. ఆమె చేతులు దులుపుకుంటూ చెప్పింది. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, ఏదో పురుగు కుట్టిందనుకున్నట్టున్నాడు.

ఆమెను లోపలికి పిలిచినప్పుడు నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. పావుగంట తర్వాత బయటికి వచ్చింది.

"చదివించారా?"

"అవ్. పేరా ఇచ్చిన్రు. న్యుమోనియా వచ్చింది."

"ఎలా పలికావు?"

చేతులు దులిపింది. "గట్లనే. మంచిగ చదివినవ్, ఎవరు నేర్పిన్రు అని అడిగిన్రు ఒక మేడం. మా సైన్సు మేడం అన్న. ముందుగాల ఆరేండ్లు తప్పు చెప్పింది, మొన్న గోడకు సున్నం ఏసి ఒప్పు చెప్పింది అన్న."

"అదంతా ఎందుకు చెప్పావే!"

"అడిగిన్రు గద మేడం."

"నవ్వారా?"

"మస్తు నవ్విన్రు."

సీటు పోయిందనే అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం బస్సు కిటికీలోంచి జామాయిల్ తోటలు చూస్తూ ఖుషీగా కూర్చుంది. మూడు వారాలకు సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. వంటామె ఆ రోజు పాయసం వండింది. నేను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని కరువుతీరా ఏడ్చాను.

కొన్నేళ్ళ తర్వాత, తొంభైల మొదట్లో, ఆ పిల్ల మా పక్క ఊళ్ళకే నర్సుగా వచ్చింది. మా బడి పిల్లలకు సూదులు వేయడానికి మొదటిసారి వచ్చిన రోజు తెల్ల చీరలో గేటు దాటుతుంటే నేను గుర్తుపట్టలేదు. వంటామె గుర్తుపట్టి గరిటెతోనే ఎదురెళ్ళింది.

గోడ మీద అప్పటికి కొత్త మాటలున్నాయి, సరైనవే. కానీ సున్నం నా తప్పును పూర్తిగా దాచలేదు. వానాకాలం రాగానే కింది నుంచి పాత నీలం రంగు తేలేది. అన్నిటికంటే ముందు ఆ ప ఒక్కటే పైకి వచ్చేది.

మధ్యాహ్నం ఆమె కూడా పళ్ళెం తీసుకుని పిల్లల వరుసలో నిలబడింది. టీచర్లతో కూర్చోమంటే వద్దంది. పిల్లలు ఒక్కొక్కరే మాట చెప్పి అన్నం పెట్టించుకుంటున్నారు, క్రోమోజోమ్, సైకాలజీ, స్టమక్. ఆమె వంతు వచ్చింది. గోడ మీద తేలిన నీలం ప వైపు చూసింది. తర్వాత నా వైపు చూసి, ఒక్క అక్షరం కూడా మింగకుండా, ఖంగుమని పలికింది.

"ప్న్యుమోనియా."

పిల్లలు గొల్లున నవ్వారు. "తప్పు! తప్పు! ఎనక్కు పోవాలె!"

వంటామె గరిటె గాల్లోనే ఉంది. రోజుకు నూరుసార్లు ఆ మాట సరిగ్గా పలికే నర్సు, నవ్వుకుంటూ ఖాళీ పళ్ళెం పట్టుకుని వరుస చివరికి నడిచింది.

నేను లేచాను. బల్ల మీది పళ్ళెం తీసుకుని, పిల్లలందరినీ దాటుకుంటూ వెళ్ళి, ఆమె వెనక నిలబడ్డాను.